ఏడేళ్ల ఉద్యోగం – పదేళ్ల నిబంధన

ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా రాయమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "మీ విదేశీ అనుభవాలు రాయండి సార్, అందరూ చదువుతారు" అన్నాడు. విదేశీ అనుభవాలంటే మంచు, భూగర్భ రైళ్లు, థేమ్సు నది. ఇవన్నీ మన పాత సంచికల్లో చాలామంది నాకంటే బాగా రాశారు. నేను రాయబోయేది పింఛను గురించి. ఇరవై ఏళ్ల వాళ్లకు పింఛను కబుర్లేమిటని మీరు నవ్వుకోవచ్చు. మీ బెంచీల మీద కూర్చున్న రోజుల్లో నేనూ అలాగే నవ్వేవాణ్ణి. కాని మన కళాశాల నుంచి ఇంగ్లండు వెళ్లేవాళ్లనూ, కొన్నేళ్లు పనిచేసి తిరిగి వచ్చేవాళ్లనూ చూస్తున్నాను గనుక, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి మీకు ముందుగా చెప్పాలనిపించింది.

నేను 2003లో ఇక్కడే ఇంజనీరింగు పూర్తిచేశాను. హైదరాబాదులో కొంతకాలం పనిచేసి, 2006 మార్చిలో ఇంగ్లండు వెళ్లాను. 2013 మేలో తిరిగి వచ్చేశాను. అక్కడున్న ఏడేళ్లూ నా జీతం చీటీలో ఆదాయపు పన్ను కింద ఇంకో కోత ఉండేది. దాని పేరు నేషనల్ ఇన్సూరెన్స్. అదీ ఒక పన్నే కాబోలు అనుకున్నాను. దానికో లెక్క ఉంటుందనీ, ఆ లెక్క నా పేరుమీదే నడుస్తుందనీ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ సంగతి తెలియడానికి మా పెదనాన్నగారి ట్రంకు పెట్టె కారణమైంది. ఆయన డాక్టరు. 1966 చివర్లో ఇంగ్లండు వెళ్లి, అక్కడి ఆసుపత్రుల్లో ఏడున్నరేళ్లు పనిచేసి, 1974లో వచ్చేసి తెనాలిలో ప్రాక్టీసు పెట్టారు. ఊళ్లో అందరూ ఆయన్ని "సీమ డాక్టరుగారు" అనేవాళ్లు. ఆయన పోయాక చాలాకాలానికి, 2022లో ఇల్లు సర్దుతుంటే పెట్టె అడుగున పాత జీతం చీటీల కట్ట ఒకటి, ఒక నంబరున్న చిన్న కార్డు కనిపించాయి. పెద్దమ్మ వాటిని నా చేతిలో పెట్టి, "ఒరే నాన్నా, నువ్వూ ఆ దేశంలో ఉండొచ్చావుగా, ఇవేమన్నా పనికొచ్చేవేనేమో చూడరా" అంది.

అది ఆయన నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు. ముందు రెండు అక్షరాలు, తర్వాత ఆరు అంకెలు, చివర ఒక అక్షరం. అలాంటి నంబరే నాకూ ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది.

అసలు ఈ ఏర్పాటు ఏమిటో కొంచెం చెప్పాలి. బ్రిటన్‌లో వృద్ధాప్య పింఛను చట్టం 1908లో వచ్చింది. 1909 జనవరి 1 నుంచి డెబ్బై ఏళ్లు నిండిన బీదవాళ్లకు వారానికి ఐదు షిల్లింగుల దాకా ఇచ్చారు. దానికి చందా ఏమీ కట్టనక్కరలేదు. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1942లో, విలియం బెవరిడ్జ్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1946లో చట్టం చేసి, 1948 జూలై 5 నుంచి అందరికీ వర్తించే నేషనల్ ఇన్సూరెన్స్‌ను అమలులోకి తెచ్చారు. పనిచేసే కాలంలో చందా కట్టు, ముసలితనంలో పింఛను తీసుకో, ఇదీ సూత్రం. పెదనాన్నగారి కాలంలో యజమాని ప్రతివారం ఒక కార్డుమీద స్టాంపు అంటించేవాడు. 1975లో ఆ పద్ధతి పోయి, జీతంలోంచే కోసే పద్ధతి వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మనం కట్టిన డబ్బు మన పేరుమీద ఎక్కడో పెట్టెలో దాచి, వడ్డీ వేసి ఇస్తారనుకుంటాం. అదేం కాదు. మన హాస్టలు మెస్సు ఎలా నడుస్తుందో అదీ అలాగే నడుస్తుంది. ఈ నెల బియ్యం ఈ నెల మెంబర్లు కట్టిన డబ్బుతోనే వస్తాయి. అక్కడా ఇవాళ పనిచేసేవాళ్లు కట్టే చందాతో ఇవాళటి ముసలివాళ్లకు పింఛను ఇస్తారు. మనకు మిగిలేది డబ్బు కాదు, "ఇతను ఇన్నేళ్లు కట్టాడు" అన్న పద్దు. ఆ పద్దులో ఎన్ని సంవత్సరాలున్నాయి అన్నదే ప్రధానం.

ప్రస్తుత నిబంధనలు 2016 ఏప్రిల్ 6న వచ్చాయి. పూర్తి పింఛనుకు 35 సంవత్సరాలుండాలి. అంతకు తక్కువైతే ఆ నిష్పత్తిలో ఇస్తారు. కాని కనీసం 10 సంవత్సరాలు లేకపోతే ఏమీ ఇవ్వరు. తొమ్మిదేళ్లు కట్టినవాడికీ సున్నాయే, ఒక్క ఏడాది కట్టినవాడికీ సున్నాయే. మన దేశంలో ప్రావిడెంటు ఫండుతోపాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకంలోనూ పదేళ్ల నిబంధన ఉంది గదా అనవచ్చు. అయితే ఇక్కడ పదేళ్లు నిండకపోతే కొంత సొమ్ము వెనక్కి తీసుకునే వీలుంది. బ్రిటన్‌లో ఆ వీలు లేదు. దేశం వదిలి వెళ్లిపోతున్నాను, నా చందా నాకివ్వండి అంటే ఇవ్వరు.

పెదనాన్నగారి కాలపు నిబంధన ఇంకా గట్టిది. ఆయనకు 65 నిండింది 2003లో. అప్పట్లో మగవాళ్లకు పూర్తి పింఛనుకు 44 ఏళ్లుండాలి. అందులో నాలుగోవంతు, అంటే 11 ఏళ్లయినా లేనివాళ్లకు ఏమీ రాదు. ఆయన ఏడున్నరను ఎనిమిదిగా లెక్కేసినా ఇంకా మూడేళ్లు తక్కువ. ఆ నిబంధన 2010లో సడలించారుగాని, అది ఆ తర్వాత పింఛను వయసుకు వచ్చినవాళ్లకే. తిరిగొచ్చిన కొత్తల్లోనే ఆ మూడేళ్లకూ ఇక్కణ్ణించి స్వచ్ఛందంగా చందా కట్టి ఉంటే, ఆయనకు బతికున్నన్నాళ్లూ ఎంతో కొంత వచ్చేది. అలా కట్టవచ్చునని ఆయనకు తెలియదు.

పెద్దమ్మకు ఆ సంగతి చెప్పలేక చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "సరేలే, మరి నీకెన్నేళ్లున్నాయి?" అంది.

నాకు ఏడు. నాకూ సరిగ్గా మూడేళ్లే తక్కువ!

చందా అంటే మన విద్యార్థులకు గుర్తొచ్చేది వినాయక చవితి చందా. ఇదీ స్వచ్ఛందమే, కట్టకపోతే అడిగేవాడు లేడు. దేశం బయట ఉన్నవాళ్ల కోసం నేను దరఖాస్తు పెట్టేనాటికి ఇందులో రెండు తరగతులుండేవి. రెండో తరగతి, మూడో తరగతి. రైల్లో అయితే మూడో తరగతి చవక. ఇక్కడ తిరకాసు, రెండో తరగతే చవక. 2025-26 రేట్ల ప్రకారం రెండో తరగతి వారానికి 3 పౌండ్ల 50 పెన్సులు, అంటే ఏడాదికి 182 పౌండ్లు. మూడో తరగతి వారానికి 17 పౌండ్ల 75 పెన్సులు, అంటే ఏడాదికి 923 పౌండ్లు. రెంటికీ వచ్చే ఫలితం ఒకటే, పద్దులో ఒక సంవత్సరం.

మరి అందరూ చవకదే కట్టరా? దానికి షరతులున్నాయి. బ్రిటన్‌లో వరుసగా మూడేళ్లు నివసించి ఉండాలి, లేదా మూడేళ్ల చందా కట్టి ఉండాలి. ఇది రెండు తరగతులకూ వర్తించేది. రెండో తరగతికి ఇంకా రెండు: ఆ దేశం వదిలే ముందు వరకు అక్కడ పనిచేస్తూ ఉండాలి, బయటికి వచ్చాక కూడా ఉద్యోగమో సొంత వృత్తో చేస్తూ ఉండాలి. నేను ఇంగ్లండులో శుక్రవారం దాకా ఆఫీసుకు వెళ్లి ఆదివారం విమానం ఎక్కినవాణ్ణి. హైదరాబాదులోనూ ఉద్యోగం చేస్తూనే ఉన్నాను. కనుక నాకు చవకదే వర్తించింది.

2023లో సి.ఎఫ్.83 అనే ఫారం నింపి అక్కడి రెవెన్యూ శాఖకు పంపాను. ఎప్పటినుంచి ఎప్పటిదాకా అక్కడున్నాను, ఎవరి దగ్గర పనిచేశాను, ఎప్పుడు దేశం వదిలాను, ఇప్పుడేం చేస్తున్నాను అన్నవే ప్రశ్నలు. కొన్ని నెలలకు ఏయే సంవత్సరాలు ఖాళీ, ఒక్కోదానికి ఎంత కట్టాలి అంటూ జవాబు వచ్చింది. మూడేళ్లకూ కలిపి 500 పౌండ్ల లోపే అయింది. మన డబ్బులో అప్పటికి దాదాపు యాభై వేల రూపాయలు.

దీనికి ఫలితమెంతో లెక్క చూడండి. 2025-26లో పూర్తి పింఛను వారానికి 230 పౌండ్ల 25 పెన్సులు. అందులో 35లో 10 వంతులంటే వారానికి 65 పౌండ్ల పైచిల్లర, ఏడాదికి సుమారు 3,420 పౌండ్లు. 2016కు ముందరి సంవత్సరాల లెక్కలో కొన్ని మెలికలున్నాయి గనుక అందరికీ ఇంతే అని చెప్పను. అయినా నేను కట్టిన 500 ఎనిమిది వారాల పింఛనులో తిరిగి వచ్చేస్తాయి. ఆ మూడేళ్లూ కట్టకపోతే ముందు కట్టిన ఏడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

ఇదంతా లాభమే, నష్టమేం లేదు అని చెబితే అబద్ధమవుతుంది. నా వయసువాళ్లకు ఇప్పటి చట్టం ప్రకారం 68 నిండితేనే పింఛను. అంటే నాకు 2050లో. ఈలోగా చట్టం ఎన్నిసార్లు మారుతుందో, నేనుంటానో ఊడతానో! ఇంకొకటి ముఖ్యం. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు పింఛను ఏటా పెరుగుతుంది. అమెరికాలోనో, ఐరోపా సమాజపు దేశాల్లోనో ఉన్నవాళ్లకూ పెరుగుతుంది. మన దేశంలో ఉంటే పెరగదు. మొదటి రోజు ఎంత ఇచ్చారో చివరిదాకా అంతే. 2016 ఏప్రిల్‌లో పూర్తి పింఛనుతో ఇండియాలో స్థిరపడినవాళ్లు అప్పటి రేటు 155 పౌండ్ల 65 పెన్సుల దగ్గరే ఉండిపోయారు. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్ల గతీ ఇంతే. దక్షిణాఫ్రికాలో ఉన్న ఆనెట్ కార్సన్ అనే ఆవిడ ఇది అన్యాయమని కోర్టుకెక్కింది. 2005లో బ్రిటన్ ప్రభువుల సభలోనూ, 2010లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలోనూ కేసు ఓడిపోయింది.

ఇక నన్ను ఈ వ్యాసం రాయడానికి తొందరపెట్టిన సంగతి. నేను దాటిన వంతెన మీకు అలాగే లేదు. 2006 నుంచీ ఖాళీగా ఉన్న పాత సంవత్సరాలకు కట్టుకునే ప్రత్యేక గడువు 2025 ఏప్రిల్ 5తో ముగిసింది. ఇప్పుడు మామూలుగా వెనకటి ఆరేళ్లకే వీలు. పైగా 2025 నవంబరు బడ్జెటులో మరో మార్పు ప్రకటించారు. 2026 ఏప్రిల్ 6 తర్వాతి కాలానికి, దేశం బయట ఉన్నవాళ్లకు చవకగా ఉన్న ఆ రెండో తరగతి తీసేశారు. మూడో తరగతి కట్టాలన్నా, కొత్తగా అడిగేవాళ్లకు మూడేళ్ల నివాసమో చందానో చాలదు, పదేళ్లుండాలి. అంటే నాలాగా ఏడేళ్లు చేసి వచ్చేవాడికి, తిరిగొచ్చాక మిగిలిన మూడేళ్లూ ఇక్కణ్ణించి కట్టుకుందామంటే దారి లేదన్నమాట. 2026కు ముందరి సంవత్సరాలు ఖాళీగా ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా రాసి అడిగి తెలుసుకోవాలి.

అందుకని వెళ్లబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు మాటలు.

ఒకటి. చదువుకోవడానికి వెళ్లి చిన్న పని చేసుకునేవాళ్లకూ పద్దు మొదలవుతుంది. 2025-26లో ఒకే యజమాని దగ్గర ఏడాదికి 6,500 పౌండ్లు సంపాదిస్తే, చందా కోత పడకపోయినా ఆ సంవత్సరం లెక్కలోకి వస్తుంది. దుకాణంలో వారానికి ఇరవై గంటలు నిలబడే మన పిల్లలకు ఇది తెలియదు. అందుకే పని చేతికి డబ్బిస్తానన్నా వద్దనండి, జీతం చీటీ అడిగి తీసుకోండి.

రెండు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, జీతం చీటీలు, ఏటా ఇచ్చే పి-60 కాగితం, ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే పి-45, ఇవి డిగ్రీ సర్టిఫికెట్ల పక్కనే పెట్టుకోండి.

మూడు. తిరిగి వచ్చే నిర్ణయం తీసుకునే ముందు మీ పద్దులో ఎన్నేళ్లున్నాయో చూసుకోండి. తొమ్మిదిన్నరేళ్లుండి వచ్చేయడానికీ, పది నిండించుకుని రావడానికీ మధ్య ఒక జీవితకాలపు పింఛను ఉంది. అలాగని నాలుగేళ్లు చేసినవాళ్లు పింఛను కోసం ఇంకో ఆరేళ్లు పరాయి దేశంలో కూర్చోవాలని నేననను.

నాలుగు. వెళ్లేది ఇంగ్లండు కాకపోతే ఆ దేశపు నిబంధన వేరే కనుక్కోండి. అమెరికాలో నలభై క్రెడిట్లు, అంటే మామూలుగా పదేళ్ల పని కావాలి. అక్కడ స్వచ్ఛంద చందా పద్ధతే లేదు. జర్మనీ, ఫ్రాన్సు, కెనడా, జపాను వంటి దేశాలతో మన ప్రభుత్వానికి సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. వాటివల్ల చాలాచోట్ల అక్కడి ఏళ్లూ ఇక్కడి ఏళ్లూ కలిపి అర్హత లెక్కించుకోవచ్చు.

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు పెద్దమ్మకు నా పద్దు పదేళ్లకు చేరిందని చెప్పాను. ఆవిడకు ఇందులో రూపాయి రాదు. అయినా సంతోషించింది. పెదనాన్నగారి కార్డు ఇంకా ఆ పెట్టెలోనే ఉంది. "పారెయ్యమంటావా?" అని అడిగింది. వద్దన్నాను. "పిల్లలు సీమ వెళతామంటే ముందు అది చూపించు పెద్దమ్మా" అన్నాను.