కనబడదన్న ఫైలు ఉన్నచోటనే ఉన్నది

రేడియో సెట్టు హఠాత్తుగా మూగవోయినపుడు ఇంటిల్లిపాదియు తలకొక కారణము చెప్పుదురు. స్టేషనువారే ప్రసారము నిలిపినారని ఒకరు, సెట్టు చెడినదని మరొకరు. తీరా చూడగా గోడవద్ద తీగ ఊడియుండును. కంప్యూటర్లలో పద్దులను భద్రపరచు డేటాబేసు సర్వరులు లేవక మొరాయించినపుడును ఇంచుమించు ఇట్లే జరుగును. భేదమేమనగా, అవి మౌనము వహింపవు. మాటలాడును, ఆ మాటలే మనలను పెడదారి పట్టించును.

మేమెరిగిన ఒక గ్రంథాలయమున జరిగిన ముచ్చట చెప్పెదము. పదునొకండేండ్ల సభ్యుల జాబితా, ఎరవు పుస్తకముల పద్దు అంతయు మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసులో నుండెను. అది 5.5 వర్షనుకు చెందిన పాత సర్వరు. ఒక రాత్రి కరెంటు పోయినది. తెల్లవారి యంత్రము లేచినది గాని డేటాబేసు లేవలేదు. "సాకెట్ ద్వారా సర్వరును చేరలేకపోతిమి" అని తెరపై కనబడినది. దాని చివర 2 అను అంకె. లాగ్ ఫైలు తెరచిన యువకునికి అంతకన్న భయంకరమైన పంక్తులు అగుపించినవి. ప్లగిన్ అను పట్టికను తెరువలేకపోతిమి, దానిని సృష్టించుకొనుడని ఒకటి. హోస్ట్ అను పట్టిక ఫైలు కనబడుట లేదు, ఇక సాగలేమని మరొకటి. పట్టికలే పోయినవని ఆ యువకుడు నిశ్చయించుకొని, ఫోల్డరును ఖాళీచేసి సమస్తమును మొదటినుండి నెలకొల్పుటకు సిద్ధపడి, మాకు ఫోను చేసినాడు.

"నాయనా, ఏదియు తుడుపవద్దు. బ్యాకప్ ఉన్నదా?" అని అడిగితిమి.

"ఉన్నదండీ, ఆరు నెలల నాటిది."

ఆ మాట విన్నపుడు మా గుండె ఝల్లుమన్నది.

ఇప్పుడా సందేశములను ఒక్కొక్కటిగా విచారింతము. సాకెట్ అనునది సర్వరు లేచునపుడు తానే ఏర్పరచు ద్వారము. సర్వరు లేవనప్పుడు ద్వారము లేదు. లైనక్సు భాషలో 2 అనగా "అట్టి ఫైలు లేదు" అని అర్థము. కనుక మొదటి సందేశము సత్యమే, కాని అది ఫలితమును చెప్పినదే గాని కారణమును చెప్పలేదు. దానిని నమ్మి సాకెట్ ఫైలును చేతితో సృష్టింపబూనినవారిని కూడ మేమెరుగుదుము!

రెండవ సందేశము మరింత చిత్రమైనది. "ఫైలు కనబడుట లేదు" అను మాటల ప్రక్కనే 13 అను అంకె యున్నది. 13 అనగా "అనుమతి నిరాకరింపబడినది". మాట ఒకటి, అంకె ఒకటి! ఫైలును తెరువుమని సర్వరు ఆపరేటింగ్ సిస్టమును కోరినది, అది కాదన్నది. ఆ తిరస్కారమును పైమెట్టున నున్న ప్రోగ్రాము తనకు తెలిసిన ఒకే వాక్యములో పొదిగి చెప్పినది. అట్టి వేళ మాటలను విడిచి అంకెను నమ్మవలెను. మైఎస్‌క్యూఎల్‌తో పాటు వచ్చు పీఎర్రర్ అను చిన్న పనిముట్టునకు ఆ అంకె నిచ్చినచో అర్థము చెప్పును.

అనుమతి ఎవరికి లేదు? ఇచ్చటనే చాలమంది తడబడుదురు. డేటాబేసు లోపల రూట్ అను వాడుకరి యొకడు, లైనక్సులో రూట్ అను సర్వాధికారి మరియొకడు. పేరొక్కటే, మనుష్యులు వేరు. సర్వరు భద్రత కొరకు రూట్ పేర నడువదు. మైఎస్‌క్యూఎల్ అను సామాన్య వాడుకరి పేర నడచును. మనము రూట్‌గా ప్రవేశించి చూచినపుడు ఫైళ్లన్నియు చక్కగా తెరచుకొనును. "అన్నియు ఉన్నవే!" అని ఆశ్చర్యపోదుము. తాళపుచెవి మన చేతిలో నున్నది గాని సర్వరు చేతిలో లేదు. కనుక సూడో ఆదేశముతో ఆ సామాన్య వాడుకరి వేషమునే ధరించి, ఫైలు తెరచుకొనునో లేదో చూడవలెను. ఫైలు ఒక్కటే చూచిన చాలదు. దారిలోని ప్రతి ఫోల్డరునందును ప్రవేశాధికారము ఉండవలెను. నేమ్‌ఐ అను ఆదేశము ఆ దారినంతను మెట్టుమెట్టుగా, యజమాని పేరుతో సహా చూపును.

గ్రంథాలయమున అట్లు చూడగా, అధికారపట్టికలుండు లోపలి ఫోల్డరు ఒక్కటి రూట్ సొత్తయియున్నది. మూడు వారముల క్రితము డిస్కు సర్దిన వారెవరో రూట్‌గా పనిచేసి, ఫోల్డరును దాచి మరల ఉంచినారట. మరి మూడు వారములు ఎట్లు నడచినది? సర్వరు ఆ పట్టికలను లేచునపుడే చదివి జ్ఞాపకమున ఉంచుకొనును. అనుమతిని తనిఖీ చేయునది ఫైలును తెరచునపుడే. సినిమా హాలులో టికెట్టు గేటువద్దనే చూతురు గదా. నేరము జరిగిన దినమొకటి, బయటపడిన దినమొకటి. అందుచేతనే నింద కరెంటుపై పడినది.

చికిత్స ఒక్క ఆదేశము. ఛౌన్ అను ఆదేశముతో ఆ ఫోల్డరును, అందలి ఫైళ్లను మరల మైఎస్‌క్యూఎల్ వాడుకరికి అప్పగించితిమి.

విసుగెత్తి అన్నిటికి 777 అనుమతి, అనగా అందరికి అన్ని హక్కులు, ఇచ్చువారు గలరు. మా అభిప్రాయమున ఇది రోగముకన్న చెడ్డ మందు. ఎల్లరును వ్రాయగల కాన్ఫిగరేషన్ ఫైలును మైఎస్‌క్యూఎల్ నమ్మక ప్రక్కన పెట్టును. అప్పుడు మీరు చెప్పిన ఫోల్డరును మాని వేరొకచోట వెదకి, "పట్టికలు లేవు" అని మరల మొదలుపెట్టును. పోస్ట్‌గ్రెస్ అను మరియొక డేటాబేసు ఇంకను నిక్కచ్చిది. తన ఫోల్డరులోనికి అన్యులు తొంగిచూడగలిగినచో అసలు లేవనే లేవదు. 2018లో వచ్చిన 11వ వర్షను నుండి గుంపునకు చదువు హక్కు మాత్రము సహించుచున్నది.

యజమానియు అనుమతియు సరిగానుండియు 13 అంకె వదలనిచో, రెండవ కావలివాడున్నాడేమో చూడుడు. ఉబుంటులో యాప్‌ఆర్మర్, రెడ్‌హ్యాట్ సంతతిలో ఎస్‌ఈలైనక్సు అట్టివారు. డేటా ఫోల్డరును క్రొత్త డిస్కునకు మార్చినపుడు వారికి చెప్పక మార్చితిమేని అడ్డగింతురు. వారి నిరాకరణ డేటాబేసు లాగులో కాక సిస్టము లాగులో వ్రాయబడును గనుక అక్కడ వెదకవలెను.

గ్రంథాలయపు సర్వరు ఆ ఉదయము పదిగంటలు కాకముందే లేచినది. యువకుడు చేసిన మొదటి పని క్రొత్త బ్యాకప్ తీయుట.