నమ్మదగ్గ టన్నులు, నమ్మరాని టన్నులు

"ఈ నెలలో ఏ సరుకు ఎంత కదిలింది?" అని అడిగితే జవాబు చెప్పడం కంప్యూటరుకి క్షణంలో పని. ఆ జవాబుని ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగితే మాత్రం చాలా రిపోర్టుల్లో సమాధానం దొరకదు.

నేను సౌదీ అరేబియా తూర్పు తీరంలో, దమ్మాంలో, సరుకు రవాణా లెక్కల మీద పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. ఓడలు, రైళ్ళు, ట్రక్కుల నుంచి వచ్చే సమాచారాన్ని ఒకచోట చేర్చి, సరుకుల వారీగా టేబుళ్ళు తయారుచెయ్యడం మా పని. ఆ టేబుళ్ళలో ఎరువులు, సిమెంటు, ఇసుక, కోడిమాంసం, "ఇతరములు" అన్నీ ఒకే అచ్చులో, దశాంశ స్థానాలతో సహా పొందికగా కనిపిస్తాయి. చూసేవాళ్ళకి అన్ని అంకెలూ సమానంగా నిజమనిపిస్తాయి.

మా యార్డులో కరీంనగర్ నుంచి వచ్చిన సూపర్‌వైజరు ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పని. ఆయన గణాంక శాస్త్రం చదవలేదు గానీ విషయం ఒక్క ముక్కలో చెప్పేశాడు: "తమ్మీ, సిమెంటు బండ్లు చెప్పినట్టే వస్తయ్. ఇతరములు అని రాసిన బండిల ఏమున్నదో తలుపు తెరిస్తేనే తెలుస్తది."

ఈ వ్యాసం ఆయన మాటకి వివరణ అనుకోండి.

అమెరికా వాళ్ళ పద్ధతి

అమెరికాలో ఉన్న పాఠకుల్లో కొందరికి కమోడిటీ ఫ్లో సర్వే పేరు తెలిసే ఉంటుంది. అక్కడి సెన్సస్ బ్యూరో, రవాణా గణాంకాల బ్యూరో కలిసి 1993, 1997, 2002, 2007, 2012, 2017, 2022 సంవత్సరాలకు చేసిన సర్వే ఇది. దేశంలోని ప్రతి సంస్థనీ అడగడం కుదరదు కనక కొన్నిటిని నమూనాగా ఎంచుకుంటారు. ఆ సంస్థలు కూడా తమ రవాణాలన్నీ రాసివ్వవు. ఎంపిక చేసిన వారాల్లో, ఎంపిక చేసిన రవాణాల వివరాలే ఇస్తాయి. వాటి నుంచి దేశం మొత్తానికి అంచనా కడతారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. అంచనాతో పాటు, ఆ అంచనా ఎంత ఊగుతుందో కూడా వాళ్ళు ప్రచురిస్తారు. దానికి వాడే కొలమానం విచలన గుణకం. అంటే ప్రామాణిక దోషాన్ని అంచనాతో భాగించి శాతంగా చెప్పడం. ఒక సరుకు 100 లక్షల టన్నులు, విచలన గుణకం 10 శాతం అన్నారనుకోండి. అసలు విలువ సుమారు 80 నుంచి 120 లక్షల టన్నుల మధ్య ఉందని నూటికి 95 పాళ్ళ నమ్మకంతో చెప్పొచ్చు. గుణకం 50 శాతం దాటితే అంకె అచ్చు వెయ్యరు. ఆ గడిలో ఒక అక్షరం పెట్టి ఊరుకుంటారు.

నమూనా పరిమాణం కూడా మారుతూ వచ్చింది. 1993లో సుమారు 2 లక్షల సంస్థలు, 1997లో లక్ష, 2002లో 50 వేలు, 2007లో మళ్ళీ లక్ష. మిగతావన్నీ సమానమనుకుంటే, నమూనా సగానికి తగ్గినప్పుడు దోషం సుమారు 1.4 రెట్లవుతుంది. అంచేత 1997కీ 2002కీ మధ్య ఏదో చిన్న సరుకు "పెరిగింది" అనేముందు, పెరిగింది సరుకో దోషమో చూసుకోవాలి.

మరి ఒకే సర్వేలో, ఒకే నమూనాలో, ఒక సరుకు అంచనా గట్టిగానూ ఇంకొకటి పలచగానూ ఎందుకుంటుంది? కారణాలు మూడు. పంపేవాళ్ళు కొద్దిమందేనా, వేలమందా అన్నది మొదటిది. కొద్దిమందే అయితే అందరినీ అడిగెయ్యొచ్చు. ఒక్కొక్క రవాణా ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉందా, లేక ఒకటి పది కిలోలు, ఇంకొకటి పదివేల టన్నులా అన్నది రెండోది. ఏడాది పొడుగునా సమంగా కదులుతుందా, ఒక్క సీజన్లోనే కదులుతుందా అన్నది మూడోది. సీజను సరుకు విషయంలో మనం ఎంచుకున్న వారం దాని వారం కాకపోతే లెక్క తప్పుతుంది.

జలామిద్ నుంచి కాకినాడ దాకా

ఇక సౌదీకి వద్దాం. ఇక్కడ కొన్ని సరుకులకి నమూనా అక్కరే లేదు. ఉత్తరాన జోర్డాన్, ఇరాక్ సరిహద్దుల వైపు అల్ జలామిద్ అనే చోట ఫాస్ఫేట్ గని ఉంది. అక్కడ శుద్ధి చేసిన ఖనిజం ఎడారిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా రైల్లో ప్రయాణించి గల్ఫ్ తీరంలోని రాస్ అల్ ఖైర్ చేరుతుంది. 2011లో మొదలైన మార్గమిది. పంపేదీ తీసుకునేదీ ఒకే కంపెనీ, మాదెన్. రవాణా మార్గం ఒకటే, సరుకు ఒకటే. ఇలాంటి చోట నమూనా దోషం సున్నా.

అంటే లెక్క పరిపూర్ణమని అర్థమా? తొందరపడకండి. ఖనిజంలో తేమ ఉంటుంది. తడి బరువా, పొడి బరువా అన్న తేడా వస్తుంది. రాస్ అల్ ఖైర్‌లో ఆ ఖనిజమే ఎరువుగా మారి ఓడ ఎక్కుతుంది. ఒక టన్ను డీఏపీకి సుమారు ఒకటిన్నర టన్నుల ఫాస్ఫేట్ ఖనిజం కావాలి. రైలు టన్నులూ ఓడ టన్నులూ కలిపి "మొత్తం రవాణా" అని రాస్తే, ఒకే ఫాస్ఫరస్‌ని రెండు సార్లు లెక్కపెట్టినట్టు. రవాణా పనిని కొలవడానికి అది సరైనదే. సరుకు లభ్యతని కొలవడానికి పనికిరాదు.

ఆ డీఏపీ మనకి పరాయి సరుకు కాదు. మన ఊళ్ళలో ఖరీఫ్ మొదలవగానే ఎరువుల దుకాణం ముందు వరసకట్టేది దాని కోసమే. భారత ప్రభుత్వం లెక్క ప్రకారం సౌదీ నుంచి డీఏపీ దిగుమతి 2023-24లో 16 లక్షల టన్నులు, 2024-25లో 19 లక్షల టన్నులు. జూలై 2025లో మాదెన్‌తో మూడు భారతీయ సంస్థలు, ఐపీఎల్, క్రిభ్‌కో, సీఐఎల్, ఒప్పందం చేసుకున్నాయి: 2025-26 నుంచి ఐదేళ్ళపాటు ఏటా 31 లక్షల టన్నులు.

ఈ అంకెల్ని ఒక్కసారి గణాంకాల కళ్ళజోడుతో చూద్దాం. దిగుమతి 17 శాతం పెరిగిందని ప్రకటించారు. మీరు 19ని 16తో భాగిస్తే దాదాపు 19 శాతం వస్తుంది. ఎవరి లెక్క తప్పు? ఎవరిదీ కాదు. 16 అంటే 15.5 నుంచి 16.5 దాకా ఏదైనా కావచ్చు. 19 అంటే 18.5 నుంచి 19.5 దాకా. అంచేత గుండ్రం చేసిన ఈ రెండు అంకెల నుంచి పెరుగుదల 12 నుంచి 26 శాతం దాకా ఎంతైనా రావచ్చు. 17 అందులో హాయిగా ఇమిడిపోతుంది. గుండ్రం చేసిన అంకెల మీద దశాంశాలతో వృద్ధి రేటు లెక్కకట్టే డాష్‌బోర్డులు మనం ఎన్ని రాశామో గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి. 31 లక్షలు ఒప్పందం మాట, 19 లక్షలు వచ్చిన సరుకు మాట. రెంటినీ ఒకే గ్రాఫులో ఒకే గీతగా కలిపితే అబద్ధం చెప్పినట్టే.

ఓడలో సరుకుని ఎలా తూస్తారు?

ఓడని కాటా మీద ఎక్కించలేం కదా! అది నీళ్ళలో ఎంత లోతుకి మునిగిందో పక్కనున్న గుర్తులు చూసి, బలాస్టు నీరు, ఇంధనం బరువు తీసేసి, సరుకు బరువు కడతారు. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. వాతావరణం, సర్వేయరు, కొలతలు అన్నీ బాగుంటే అర శాతం తేడా మామూలేనని ఈ రంగంలో ఒప్పుకుంటారు. 50,000 టన్నుల ఎరువు ఓడలో అర శాతం అంటే 250 టన్నులు. 50 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 5,000 బస్తాలు. కాగితం మీద "చిన్న తేడా". ఒక మండలానికి అది చిన్నది కాదు.

ముడి చమురు సంగతి మరీ ఆసక్తికరం. ఎగుమతి చేసేవాళ్ళకి మీటర్లున్నాయి. బయటివాళ్ళు మాత్రం ఓడలు ప్రసారం చేసే ఏఐఎస్ సంకేతాల్లోని మునక లోతు చూసి అంచనా కడతారు. 330 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న పెద్ద ట్యాంకరు ఒక్క సెంటీమీటరు మునగాలంటే సుమారు 180 టన్నులు ఎక్కాలి. సంకేతంలో లోతు పది సెంటీమీటర్ల మెట్లలో వస్తుంది. ఒక్క మెట్టంటే 1,800 టన్నులు, దాదాపు 13 వేల పీపాలు. అలాంటి ట్యాంకరు మోసేది సుమారు 20 లక్షల పీపాలు కనక ఈ దోషం ఒక శాతంలోపే. అసలు ప్రమాదం వేరు: ఆ లోతు అంకెని ఓడ సిబ్బంది చేత్తో ఎక్కిస్తారు. మార్చడం మరిచిపోతే నిండు ఓడ ఖాళీగా కనిపిస్తుంది. నమూనా పెంచితే తగ్గే దోషం ఒకటి, ఎంత పెంచినా తగ్గని దోషం ఇంకొకటి అని కాలేజీలో చదువుకున్నది ఇదే.

చమురు లెక్కల నమ్మకం గురించి ప్రపంచ స్థాయిలో జరిగే ఒక ప్రయత్నానికి కేంద్రం రియాద్‌లోనే ఉంది. దాని పేరు జోడీ! 2001లో ఆరు అంతర్జాతీయ సంస్థలు మొదలుపెట్టిన ఈ ఉమ్మడి సమాచార ప్రయత్నాన్ని ఇప్పుడు ఇంటర్నేషనల్ ఎనర్జీ ఫోరం సమన్వయం చేస్తోంది. దీని డేటాబేసుని 2005 నవంబరులో రియాద్‌లో ప్రారంభించారు. అందులో నాకు నచ్చింది గడుల రంగు. వేరే ఆధారాలతో పోల్చి చూసినప్పుడు సరిపోయే అంకెకి నీలం, వివరణ చదివి జాగ్రత్తగా వాడవలసినదానికి పసుపు, ఇంకా పరీక్షించని దానికి తెలుపు. ఒక్క రంగుతో ఎంత నిజాయితీ!

పెట్టె బరువు తెలుసు, లోపలి సరుకు?

కంటెయినర్లు దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 2016 జూలై 1 నుంచి ప్రతి నిండు కంటెయినరునీ ఓడ ఎక్కించే ముందు దాని మొత్తం బరువు ధ్రువీకరించి ఇవ్వాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. కనక బరువు బాగానే తెలుసు. లోపల ఏముందో? బిల్లులో "ఉన్నట్టు చెప్పబడినది" అని రాస్తారు. అంటే ఓడ కంపెనీ తెరిచి చూడలేదని. "అన్ని రకాల సరుకు" అని ఒకే రేటు కట్టిన పెట్టెలుంటాయి. పదిమంది చిన్న వ్యాపారుల సామాను కలిపిన పెట్టెలుంటాయి. దమ్మాం నుంచి రియాద్ డ్రై పోర్టుకి రైల్లో వెళ్ళే పెట్టెల సంఖ్య నేను కచ్చితంగా చెప్పగలను. వాటిలో ఫర్నిచరు ఎన్ని టన్నులంటే మాత్రం తడుముకోవాలి.

కస్టమ్స్ కోడు కొంత సాయం చేస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. రెండంకెల స్థాయిలో 31 అంటే ఎరువులన్నీ. ఆరంకెల స్థాయిలో 310530 అంటే డీఏపీ ఒక్కటే. లోతుకి వెళ్ళేకొద్దీ ఉపయోగం పెరుగుతుంది, తప్పు గడిలో పడే అవకాశమూ పెరుగుతుంది. ఇక ఇసుక, కంకర ట్రక్కుల్లో ఘనపు మీటర్లని టన్నులుగా మార్చేటప్పుడు తడి ఇసుక, పొడి ఇసుక తేడా ఒక్కటే చాలు లెక్క తలకిందులవ్వడానికి.

మనం చెయ్యగలిగింది

ఇప్పుడు ప్రోగ్రామర్లుగా మనకి పనికొచ్చే లెక్క ఒకటి. ఒక టేబుల్లో రెండే వరసలున్నాయనుకుందాం. ఎరువులు 10 లక్షల టన్నులు, దోషం అర శాతం. ఇతరములు లక్ష టన్నులు, దోషం 40 శాతం. దోషాలు టన్నుల్లో 5 వేలు, 40 వేలు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 40,300 వస్తుంది. మొత్తం 11 లక్షల మీద అది 3.7 శాతమే. మొత్తం చూస్తే "పరవాలేదు" అనిపిస్తుంది. అడుగునున్న వరసని చూసి ట్రక్కులు బుక్ చేసేవాడు మాత్రం మునుగుతాడు. మరో విధంగా చూస్తే, మొత్తంలో ఉన్న అనుమానం దాదాపు అంతా పదకొండో వంతు సరుకు నుంచే వస్తోంది. డబ్బు పెట్టి కొలత మెరుగుపరచాలంటే ఎక్కడ పెట్టాలో కూడా ఈ లెక్కే చెబుతుంది.

అందుకని నేను మా టేబుళ్ళలో ప్రతి అంకె పక్కనా మూడు గడులు చేర్చాను: ఎలా కొలిచారు (కాటా, డ్రాఫ్ట్ సర్వే, ప్రకటన, అంచనా), దోషం ఎంత, ఏ తేదీ నాటిది. మొదట్లో "మేనేజ్‌మెంటుకి ఒక్క అంకె చాలు" అన్నారు. ఒక రంజాను ముందు, ఆహార సరుకుల అంచనా పక్కన పసుపు రంగు చూసి గోడౌన్లకి ఫోను చేసి కనుక్కున్నాక ఆ మాట మళ్ళీ వినపడలేదు.

ఇంకో జాగ్రత్త. ప్రచురించని గడిలోని అక్షరాన్ని డేటా లోడు చేసేటప్పుడు సున్నాగా మార్చకండి. "తెలియదు" అన్నదాన్ని "లేదు" అని చదివితే అక్కడినుంచి ప్రతి కూడికా తప్పే. అలాగే సౌదీ లెక్క జనవరి నుంచి, భారత్ లెక్క ఏప్రిల్ నుంచి; దారిలో ఉన్న ఓడ ఒక దేశంలో ఈ ఏడాది సరుకు, ఇంకో దేశంలో వచ్చే ఏడాది సరుకు. విలువల్లో పోలిస్తే ఇక్కడ ఓడ ఎక్కేదాకా ధర, అక్కడ రవాణా, బీమా కలిపిన ధర. వీలైనంత వరకు బరువులోనే పోల్చండి.

ఇదంతా చాదస్తంలా కనిపించొచ్చు. కానీ ఈ అంకెలు మన స్క్రీన్ల మీద ఆగిపోవు. రాస్ అల్ ఖైర్‌లో ఓడ ఎక్కిన టన్ను ఏ నెలలో మన తూర్పు తీరానికి చేరుతుందో, అందులో డీఏపీ ఎంతో, ఎంత అటూ ఇటూగా తెలుసో, దాన్ని బట్టే ఏ జిల్లాకి ఎన్ని రేకులు పంపాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. "19 లక్షలు" అన్న అంకె ఒక్కటే ఇస్తే ఆ మనిషి దాన్ని పూర్తిగా నమ్ముతాడు, లేకపోతే అసలు నమ్మడు. "19, అర లక్ష అటూ ఇటూ" అని ఇస్తే ఆ అర లక్షకి ముందే ఏర్పాటు చేసుకుంటాడు. వరసలో నిలబడ్డ రైతుకి తేడా తెలిసేది అక్కడే.