మీకు తెలుసా? వెనక ఇరుసు మోతే జబ్బు చెబుతుంది

పాల్వంచ మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద బరువు బండ్లు ఎక్కువ. థర్మల్ కేంద్రం బూడిద, సారపాక కాగితం మిల్లుకు కర్ర, భద్రాచలం బస్సులు. వెనక నుంచి మోత రాగానే ‘క్రౌన్ (వెనక ఇరుసులోని పెద్ద గేరు) పోయింది’ అని ఇరుసు హౌసింగ్ విప్పించేస్తారు చాలామంది. అంతకుముందు ఆ మోత ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో వినండి. అనవసరపు ఖర్చు తప్పుతుంది.

1. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే శబ్దం మారిందా? ముందు టైర్లు చూడండి. ఇరుసు లోపలి మోత రోడ్డును బట్టి మారదు.

2. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గేర్ల పళ్ళు ఒక పక్క, వదిలినప్పుడు రెండో పక్క ఒరుసుకుంటాయి. అందుకే తొక్కితే కూత, వదిలితే మాయమైతే క్రౌన్–పినియన్ పళ్ళనో, పినియన్ బేరింగునో అనుమానించాలి.

3. మలుపుల్లోనే గరగరమంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు చూడాలి. తిన్నగా పోతున్నప్పుడు అవి తమ చుట్టూ తాము దాదాపు తిరగవు. డిఫరెన్షియల్ ఏర్పాటుకు ఫ్రాన్సులో పేటెంటు పొందిన ఒనెసిఫోర్ పెకూర్ గడియారాలు చేసేవాడు!

4. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడే మోత పెరిగితే కుడి హబ్ బేరింగు చూడాలి. బండి ఆపాక ఒక హబ్బే బాగా వేడెక్కి ఉంటే బేరింగో, పట్టేసిన బ్రేకో కారణం కావచ్చు.

5. క్లచ్ వదలగానే ‘టంగ్’మంటే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ క్రాస్ చూడండి.

6. వానాకాలం ముర్రేడు, కిన్నెరసాని వాగుల చప్టాలు దాటేవారికి ఇది ముఖ్యం. దూరం నడిచిన ఇరుసు వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన ఆయిల్ సీలు గుండానో బ్రీదర్ గుండానో నీటిని లోపలికి పీలుస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే వెంటనే మార్చించాలి. లేకుంటే బేరింగులు తుప్పు పట్టి మోత మొదలవుతుంది.

7. చాలా బండ్ల డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తని నల్లటి ముద్ద అంటుకుంటే మామూలు అరుగుదలే. ఇనుప పెళ్ళలు దొరికితే మాత్రం పన్నో, బేరింగో విరిగినట్టు. అప్పుడు హౌసింగ్ విప్పాల్సిందే.

8. ముందు చక్రాలే లాగే కార్లకు వెనక క్రౌనే ఉండదు. అక్కడి మోత ఎక్కువగా టైర్లదో, హబ్ బేరింగులదో.

మోతతో పాటు చక్రం ఊగుతుంటే లోడు సంగతి తర్వాత, బండి అక్కడే ఆపండి. బేరింగు పూర్తిగా పోతే చక్రమే ఊడిపోవచ్చు. ఎదురుగా వచ్చేవారి ప్రాణాలూ మన చేతుల్లోనే ఉన్నాయి.