కరెంటు పోతే నీళ్ళెక్కడికి పోతాయి?

సంపు అనగానే మనకి ఇంటి ముందు భూమిలో ఉండే నీళ్ళ తొట్టే గుర్తొస్తుంది. అక్వేరియం వాళ్ళ సంపు వేరు. చేపల తొట్టి కింద, స్టాండు లోపల దాచిపెట్టే రెండో గాజు తొట్టి అది. పై తొట్టిలో ఒక మూల చిన్న గాజు గోడ ఉంటుంది. నీళ్ళు దాని అంచు మీంచి పొర్లి, పైపులో దిగి సంపులో పడతాయి. అక్కడ ఫిల్టర్ స్పాంజి దాటుకుని చివరి గదికి చేరితే, మోటారు మళ్ళీ పైకి తోస్తుంది. నడుస్తున్నంతసేపూ అంతా ముచ్చటగానే ఉంటుంది. అసలు పరీక్ష మోటారు ఆగినప్పుడే. ఆ స్టాండులోనే ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పెడతారు కాబట్టి, సంపు పొర్లితే పాడయ్యేది నేల ఒక్కటే కాదు, ప్రాణం మీదకీ రావచ్చు.

మోటారు ఆగగానే గాజు గోడ అంచుకి పైనున్న నీటి పొర మొత్తం కిందికి దిగిపోతుంది. ఇది అందరూ ఊహించేదే. ఊహించనిది ఇంకోటి ఉంది: నీళ్ళు పైకి తెచ్చే పైపే ఇప్పుడు తిరగబడి సైఫన్ అవుతుంది. దాని మూతి నీళ్ళలో మునిగి ఉన్నంతసేపూ కిందికి లాగుతూనే ఉంటుంది, మూతికి గాలి తగిలాకే ఆగుతుంది.

లెక్క వేద్దాం. తొట్టి 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు అనుకోండి. నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు దిగినట్టు. పైపు మూతి 5 సెం.మీ. లోతులో ఉంటే 27 లీటర్లు. పైపుల్లో మిగిలింది ఇంకో 3 లీటర్లు వేసుకుంటే 30. కింద సంపు 75 × 35 సెం.మీ. అయితే అందులో మట్టం 11 సెం.మీ. పైనే పెరుగుతుంది. సంపు ఎత్తు 40 అనుకుంటే, మోటారు నడిచేటప్పుడు నీళ్ళు 25 దాటకుండా చూసుకోవాలి. గదుల మధ్య అడ్డుగాజులు కూడా ఆ ఎత్తు మించకూడదు.

మూతిని పైకి జరిపితే చాలా వరకు సమస్య తీరుతుంది. కానీ గాజు గోడ మీద పారే పొర మందం కంటే పైకి జరిపితే లాభం లేదు, ఆ పొర ఎలాగూ దిగుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులో చూసిన వియర్ గుర్తుందా? ఇదీ అదే. గంటకి 3000 లీటర్లు 20 సెం.మీ. గోడ మీంచి పొర్లితే పొర సుమారు 1.7 సెం.మీ. ఉంటుంది. గోడ 60 సెం.మీ. ఉంటే 0.8 సెం.మీ. చాలు. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఫార్ములా చేపల తొట్టిలో పనికొస్తుందని ఎవరనుకుంటారు!

మూతి లోతుగానే ఉండాలంటే, పైపుకి నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం పెడతారు, గాలి పీల్చుకుని సైఫన్ తెగడానికి. నాచు పట్టి అది మూసుకుపోతుంది, తరచూ శుభ్రం చేయాలి. చెక్ వాల్వు పెట్టేసి నిశ్చింతగా ఉండేవాళ్ళూ ఉన్నారు. ఒక నత్త పిల్ల ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. వాల్వు పెట్టుకోండి, కానీ లెక్కలో మాత్రం అది లేనట్టే అనుకోండి.

కరెంటు తిరిగొచ్చినప్పుడు ఇంకో గండం. తొట్టికి రంధ్రం చేయకుండా, అంచుకి తగిలించే సైఫన్ పెట్టెలు వాడేవాళ్ళకి ఆ సైఫన్ తెగిపోయి ఉండొచ్చు. మోటారు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది. ఈసారి పొర్లేది పై తొట్టి. కింది పైపుకి ఆకు అడ్డం పడ్డా ఇదే కథ. అందుకే మోటారున్న గది చిన్నదిగా ఉండాలి: 25 × 35 గదిలో 20 సెం.మీ. నీళ్ళంటే 17.5 లీటర్లు, అవన్నీ పైకెక్కినా పై మట్టం 3.2 సెం.మీ. పెరుగుతుంది. పైన కనీసం 4 సెం.మీ. ఖాళీ ఉంచితే చాలు.

ఇవన్నీ కాగితం మీద నమ్మొద్దు. మీరు ఇంట్లో ఉన్నప్పుడే, పగలే, మోటారు స్విచ్ ఆపి చూడండి. సంపు ఎంత వరకు నిండి ఆగిందో గమనించండి. మళ్ళీ వేసి, మట్టం కుదుటపడ్డాక గాజు మీద మార్కరుతో గీత గీయండి. ఆవిరైన నీళ్ళు నింపేటప్పుడు ఆ గీత దాటొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డుని నేల మీంచి తీసి గోడకి, సంపు అంచు కంటే ఎత్తులో బిగించండి. మోటారు వైరు బోర్డు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేలా వదిలితే, వైరు వెంట జారే చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది.