ఎవరు చదువుతున్నారు, ఎవరు ఆగిపోయారు: నల్లజాతి విద్యార్థి సంఘాల లెక్క మనకు చెప్పేది

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అనే చిన్న పట్టణంలో కార్నెల్ యూనివర్సిటీ ఉంది. 1904-05 విద్యా సంవత్సరంలో అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. చట్టప్రకారం యూనివర్సిటీ తలుపులు వాళ్లకు తెరిచే ఉన్నాయి. కానీ లోపలికి అడుగు పెట్టాక మిగిలింది ఒంటరితనమే. అద్దెకు గది కావాలంటే ఊళ్లోని నల్లజాతి కుటుంబాల ఇళ్లే దిక్కు. తెల్ల విద్యార్థుల సంఘాల్లో సభ్యత్వం ఉండదు. అవే సంఘాల భవనాల్లో వడ్డన పని చేసి చదువు ఖర్చులు వెళ్లదీసుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు.

ఆ ఆరుగురు ఏమయ్యారన్న ప్రశ్న మిగిలినవాళ్లను వదల్లేదు. 1905-06లో వాళ్లు ఒక చోట చేరి చదువుకోవడం, ఒకరికొకరు తోడుగా ఉండటం మొదలుపెట్టారు. సాహిత్య చర్చల బృందంగానే ఉండాలా, శాశ్వత సంఘంగా మారాలా అని వాళ్లలో వాళ్లకే వాదన నడిచింది. చివరికి 1906 డిసెంబర్ 4న ఏడుగురు విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రాటర్నిటీని స్థాపించారు. అనేక కాలేజీలకు విస్తరించిన నల్లజాతి విద్యార్థుల ఫ్రాటర్నిటీల్లో ఇదే మొదటిది.

నిజానికి ఈ సంఘం పుట్టింది ఒక లెక్కలోంచి. ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు అన్నదే ఆ లెక్క. మన క్యాంపస్‌లలో ఆ లెక్క రాస్తున్నదెవరు అన్నది ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న.

చాప్టర్ ఎలా పనిచేస్తుంది

ఫ్రాటర్నిటీ అంటే సోదర సంఘం. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకుంటుంది. ఒక్కో కాలేజీలో ఉండే శాఖను చాప్టర్ అంటారు. 1907లో హోవర్డ్ యూనివర్సిటీలో రెండో చాప్టర్ మొదలైంది. 1908లో అక్కడే నల్లజాతి మహిళల తొలి సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టింది. 1913 జనవరిలో డెల్టా సిగ్మా థీటా వచ్చింది. దాని సభ్యులు అదే ఏడాది మార్చి 3న వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపులో నడిచారు. మన అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీలో చేరిందీ ఆ సంవత్సరమే. 1930లో ఈ సంఘాలకు ఒక ఉమ్మడి మండలి ఏర్పడింది. ఇప్పుడు అందులో తొమ్మిది సంఘాలున్నాయి.

వీటి నిర్మాణంలో మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. డిగ్రీ చేతికొచ్చాక కూడా సభ్యత్వం కొనసాగుతుంది. ఉద్యోగం వచ్చిన ఊళ్లో పూర్వ విద్యార్థుల చాప్టర్ ఉంటుంది. ఆల్ఫా ఫై ఆల్ఫాకు అలాంటి మొదటి చాప్టర్ 1911లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో ఏర్పడింది. పూర్వ విద్యార్థులు ఏటా చందా కడతారు, సమావేశాలకు వస్తారు, దగ్గర్లోని విద్యార్థి చాప్టర్‌కు సలహాదారులుగా ఉంటారు. చందా కట్టనివాళ్లు సంఘం లెక్కలో చురుకైన సభ్యులు కారు. ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఈ నియమం మారదు.

కబుర్లలా కనిపించే లెక్క

1914లో ఆల్ఫా ఫై ఆల్ఫా 'ది స్ఫింక్స్' అనే పత్రికను మొదలుపెట్టింది. చాప్టర్ వార్తలు రాసి పంపడానికి ప్రతి చాప్టర్‌లో ఒక సహ సంపాదకుడు ఉంటాడు. అధ్యక్షుడు, కోశాధికారి లాగే ఇదీ ఒక పదవి. ఎవరు పట్టా పుచ్చుకున్నారు, ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరు ఏ ఊరికి మారారు, ఎవరికి పెళ్లయింది, ఎవరు చనిపోయారు, చాప్టర్ ఈ ఏడాది ఏం చేసింది అన్నవే ఆ వార్తలు.

పైపైన చూస్తే ఇవి కాలక్షేపం కబుర్లు. కానీ నల్లజాతి పట్టభద్రుడి విజయం తెల్ల పత్రికల్లో వార్త కాని రోజులవి. యూనివర్సిటీలు కూడా వాళ్లకోసం వేరే రికార్డు ఉంచేవి కావు. అలాంటప్పుడు ఈ చిన్న వార్తలే ఒక సమాజం తన చదువు గురించి తానే రాసుకున్న హాజరు పట్టీ అయ్యాయి. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ కూడా ఈ పనే ఇంకా పెద్ద ఎత్తున చేశాడు. ఆయన సంపాదకత్వంలోని 'ది క్రైసిస్' పత్రిక ఏటా విద్యా సంచిక తెచ్చి దేశమంతటా పట్టా పొందిన నల్లజాతి విద్యార్థుల సంఖ్యను, ఫొటోలను అచ్చేసేది. డుబోయిస్ కూడా ఆల్ఫా ఫై ఆల్ఫా సభ్యుడే.

ఆ హాజరు పట్టీలో మొదటి ఏడుగురి పేర్లనే చూద్దాం. యూజీన్ కింకిల్ జోన్స్ నేషనల్ అర్బన్ లీగ్‌ను రెండు దశాబ్దాలకు పైగా నడిపించాడు. వెర్ట్నర్ టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్ అయ్యాడు. హెన్రీ ఆర్థర్ కాలిస్ డాక్టర్ అయి హోవర్డ్‌లో వైద్య విద్య బోధించాడు. నథానియల్ మర్రే వాషింగ్టన్ స్కూళ్లలో పాఠాలు చెప్పాడు. గొప్ప పదవి దక్కినవాళ్లూ, మామూలు పంతులు ఉద్యోగం చేసుకున్నవాళ్లూ అందులో పక్కపక్కనే కనిపిస్తారు.

చందా డబ్బు కోర్టుదాకా వెళ్లింది

ఎవరు ఎక్కడున్నారో తెలిస్తే అవసరం వచ్చినప్పుడు ఎవర్ని పిలవాలో కూడా తెలుస్తుంది. 1930లలో మేరీలాండ్ యూనివర్సిటీ లా స్కూల్ నల్లజాతి విద్యార్థులను చేర్చుకునేది కాదు. డొనాల్డ్ గెయిన్స్ మర్రే అనే యువకుడు దరఖాస్తు పెడితే తిప్పి పంపింది. ఆల్ఫా ఫై ఆల్ఫా అతని వెనక నిలబడింది. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తరఫున చార్లెస్ హ్యూస్టన్, థర్గుడ్ మార్షల్ వాదించారు. 1935లో కింది కోర్టులో గెలిచారు. 1936 జనవరిలో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. మర్రే 1938లో లా పట్టా పుచ్చుకున్నాడు.

రైలు భోజనాల పెట్టెలో నల్లవాళ్లను తెర చాటున కూర్చోబెట్టే ఆచారాన్ని ఎల్మర్ హెండర్సన్ కోర్టుకెక్కించాడు. ఆ కేసును సుప్రీంకోర్టులో వాదించిన బెల్‌ఫోర్డ్ లాసన్ ఇదే సంఘానికి నాయకుడు. 1950లో హెండర్సన్ పక్షాన తీర్పు వచ్చింది. మర్రే కేసు వాదించిన మార్షల్ కూడా ఈ సంఘం సభ్యుడే. 1967లో ఆయన అమెరికా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. మార్టిన్ లూథర్ కింగ్ బోస్టన్‌లో పీహెచ్‌డీ చేస్తుండగా 1952లో ఇందులో చేరాడు. వాషింగ్టన్‌లో ఆయన స్మారకం కట్టాలని పట్టుబట్టి డబ్బు పోగుచేయించిందీ ఈ సంఘమే. 2011లో ఆ స్మారకాన్ని ప్రారంభించారు.

మచ్చలు లేవా అంటే

ఉన్నాయి, వాటిని దాచి మెచ్చుకోవడం తప్పు. ఆల్ఫా ఫై ఆల్ఫా మగవాళ్ల సంఘం. రహస్య ప్రమాణాలు ఉంటాయి, ఎంపిక ఉంటుంది, ఖర్చు ఉంటుంది. చేరే కుర్రాళ్లను పరీక్షించే పేరుతో కొట్టడం, హింసించడం ఈ సంఘాలన్నింటినీ పట్టి పీడించింది. అది విద్యార్థుల ప్రాణాలు కూడా తీసింది. 1990లో అప్పటికి మండలిలో ఉన్న ఎనిమిది సంఘాలూ పాత చేరిక పద్ధతిని అధికారికంగా రద్దు చేశాయి. అయినా ఆ జబ్బు పూర్తిగా వదల్లేదు.

ఇక రెండో మచ్చ వర్గానికి సంబంధించింది. సామాజిక శాస్త్రవేత్త ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 'బ్లాక్ బూర్జువాజీ' పుస్తకంలో నల్లజాతి మధ్యతరగతి ఆడంబరాన్ని చీల్చి చెండాడాడు. ఈ సంఘాల డాబు, విందులు కూడా ఆ విమర్శలో ఉన్నాయి. డుబోయిస్ కూడా తన మాట దిద్దుకున్నాడు. చదువుకున్న పదో వంతు మంది జాతిని పైకి తెస్తారని 1903లో రాసిన ఆయన, 1948లో అలాంటి ఒక సంఘం సభలోనే నిలబడి, చదువు దానంతటదే సేవాబుద్ధి తేదని, స్వార్థం కూడా తేగలదని ఒప్పుకున్నాడు.

ఈ మాట మనకు కొత్త కాదు. 1956 మార్చిలో ఆగ్రాలో అంబేద్కర్ బాధపడింది కూడా ఇందుకే. చదువుకున్నవాళ్లు సమాజాన్ని ఆదుకుంటారనుకుంటే గుమాస్తాలై తమ పొట్ట చూసుకుంటున్నారని ఆయన వాపోయారు.

మన దగ్గర దారం ఎక్కడ తెగుతోంది

మనకు సంఘాల సంప్రదాయం లేదనలేం. అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి మరుసటి ఏడాదే సోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. 1978లో కాన్షీరాం, ఆయన సహచరులు బామ్‌సెఫ్‌ను స్థాపించారు. ఉద్యోగం దొరికినవాడు సమాజం బాకీ తీర్చాలన్నదే దాని పునాది. 1990లలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ దేశంలోని అనేక క్యాంపస్‌లకు దారి చూపింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వచ్చిన 'స్వేరోస్' ఆ స్కూళ్ల పిల్లలకూ పూర్వ విద్యార్థులకూ ఒక ఉమ్మడి పేరిచ్చింది.

అయినా ఒక చోట దారం తెగుతోంది. క్యాంపస్‌లో ఉన్నంతకాలం మనవాళ్లు ఒకరికొకరు ప్రాణం పెడతారు. అడ్మిషన్ హెల్ప్ డెస్క్ దగ్గర నిలబడతారు, మెస్ బిల్లు పంచుకుంటారు, ఆసుపత్రికి పరిగెడతారు. పట్టా వచ్చాక ఆ బంధం వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్ 14 శుభాకాంక్షలకు కుదించుకుపోతుంది. ఈ ఏడాది మన డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు అని అడిగితే చెప్పగలిగే పుస్తకం సంఘం దగ్గర ఉండదు. సీనియర్ వెళ్లిపోతే ఆయన జ్ఞాపకం కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

ప్రభుత్వం దగ్గరైతే లెక్క ఉంది. కేంద్ర యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి ఐదేళ్లలో 13,600 మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలోనే వెళ్లిపోయారని 2023 డిసెంబర్‌లో పార్లమెంటుకు చెప్పింది. కేంద్ర యూనివర్సిటీల నుంచే వెళ్లిపోయిన ఎస్సీ విద్యార్థులు 2,424 మంది. ఇవి సంఖ్యలు మాత్రమే. ఫెలోషిప్ రాక వెళ్లారా, గైడ్ దొరక్క వెళ్లారా, ఇంటి అప్పు కోసం వెళ్లారా, అవమానం భరించలేక వెళ్లారా అన్న కారణం అందులో ఉండదు. అది పక్క గదిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

రోహిత్ వేముల చివరి లేఖలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి ఉంది. అందులోంచి ఒక స్నేహితుడి బాకీ తీర్చమన్న కోరిక ఉంది. ఆ స్నేహితుడు ఎన్నడూ అడగలేదని కూడా ఉంది. ఫెలోషిప్ ఆగిన నెలల్లో మన విద్యార్థిని నిలబెట్టేది సాటి విద్యార్థి జేబే. ఆ జేబూ ఖాళీదే. జీతం తీసుకుంటున్న వందలమంది పూర్వ విద్యార్థులకు ఆ సంగతి తెలిసే మార్గమే లేదు.

పేరు రాయాలా వద్దా

ఇక్కడ అమెరికా పద్ధతి మనకు యథాతథంగా సరిపోదు. నల్లజాతి పట్టభద్రుడి గుర్తింపు ఒంటి మీదే ఉంటుంది. పత్రికలో పేరు వేస్తే కొత్తగా బయటపడేదేమీ లేదు. మన దగ్గర కులం చెప్పకుండా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అద్దె ఇల్లు పోతుందని కొందరికి, ప్రమోషన్ ఆగుతుందని కొందరికి భయం. విదేశాల్లోని తెలుగు ఇంజనీర్లలోనూ ఇంటిపేరు అడిగితే మాట మార్చేవాళ్లు ఉన్నారు. అంబేద్కర్ సంఘం పూర్వ విద్యార్థుల జాబితాలో పేరు పడటమంటే వాళ్లకు కులం ప్రకటించుకోవడమే.

ఆ భయాన్ని పిరికితనం అనడం తేలిక, కానీ న్యాయం కాదు. కాబట్టి మన లెక్క రెండు భాగాలుగా ఉండాలి. బయటికి వెళ్లే వార్షిక లేఖలో సంఖ్యలు, పనులు, అనుమతి ఇచ్చినవాళ్ల పేర్లు ఉండాలి. చదువు ఆపేసినవాళ్ల పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ అందులో రాకూడదు. వివరాలన్నీ ఉండే పుస్తకం మాత్రం సంఘం ఎన్నుకున్న ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి. ప్రతి ఏడాదీ కొత్త కమిటీకి సంతకంతో చేతులు మారాలి.

లేఖలో ఏముండాలి

పరిశోధక విద్యార్థిగా నేను అనుకునేది రెండు పేజీల లేఖ. అది ఏటా ఒకే నెలలో రావాలి. ఈ ఏడాది ఎంతమంది చేరారు, నిరుటి బ్యాచ్‌లో ఎంతమంది మిగిలారు, ఫెలోషిప్‌లు ఎన్ని నెలలుగా ఆగి ఉన్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో ఎవరి సర్టిఫికెట్లు కాలేజీ ఆపిందో వాళ్ల సంఖ్య, ఎన్ని ఫిర్యాదులు ఇచ్చారు, ఎన్నింటికి జవాబొచ్చింది అన్నవి ముందు రాయాలి. తర్వాత పూర్వ విద్యార్థుల వార్తలు. ప్రొఫెసర్ అయినవాళ్లతో పాటు ఊళ్లో ట్యూషన్ చెబుతున్నవాళ్లు కూడా అందులో ఉండాలి. చివర్లో అత్యవసర నిధికి ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది అన్న జమాఖర్చు.

ఇలాంటి లేఖ మూడేళ్లు ఆగకుండా వస్తే ఒక డిపార్ట్‌మెంట్ నుంచే మనవాళ్లు ఎందుకు ఎక్కువగా వెళ్లిపోతున్నారో అడగడానికి సాక్ష్యం చేతిలో ఉంటుంది. వైస్ చాన్సలర్ ముందు పెట్టడానికైనా, కోర్టులో వేయడానికైనా అది పనికొస్తుంది. బాకీ తీర్చాలని ఉన్నా ఎక్కడ తీర్చాలో తెలియని ఉద్యోగికి ఒక చిరునామా దొరుకుతుంది.

ఫ్రాటర్నిటీ అన్న మాట మన రాజ్యాంగ పీఠికలో సౌభ్రాతృత్వంగా ఉంది. రాజ్యాంగ ముసాయిదా కమిటీయే ఆ మాటను అందులో చేర్చింది. తన సిద్ధాంతంలోని స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను ఫ్రెంచి విప్లవం నుంచి కాక బుద్ధుడి నుంచి తీసుకున్నానని అంబేద్కర్ చెప్పారు. దానికి రహస్య ప్రమాణాలు, గ్రీకు అక్షరాలు అక్కర్లేదు. పక్క గది విద్యార్థి ఈ సెమిస్టర్ తిరిగి రాకపోతే ఎందుకు రాలేదని అడిగే ఒక మనిషి కావాలి. ఆ జవాబు రాసిపెట్టే పుస్తకం కావాలి. ఆ పుస్తకం తెరిచి చదివే పూర్వ విద్యార్థులు కావాలి.