జానీ వాకర్: కండక్టరు కొలువు నుంచి వెండితెరకు

హిందీ చిత్రాల్లో తాగుబోతు పాత్ర అనగానే పాతతరం ప్రేక్షకులకు జానీ వాకర్ గుర్తుకు వస్తారు. ఆ పేరు ఒక విస్కీది. దాన్ని ధరించిన నటుడు మాత్రం మద్యం ముట్టని వ్యక్తి. ఆయన అసలు పేరు బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ. హాస్యనటుడి మనుగడ ప్రతిభ ఒక్కదానిపైనే కాక, కథ అతనికిచ్చే చోటుపైనా ఆధారపడి ఉంటుందని ఆయన ప్రస్థానం తెలియజేస్తుంది.

బస్సులోనే తొలి ప్రేక్షకులు

ఇండోర్‌లో తండ్రి పనిచేసే మిల్లు మూతపడడంతో ఆ కుటుంబం బొంబాయికి తరలివచ్చింది. నగర బస్సు సంస్థ బెస్ట్‌లో కండక్టరుగా చేరిన కాజీ, ప్రయాణికులను మాటలతో, హావభావాలతో నవ్వించేవారు. ఖాళీ వేళల్లో సినిమాల్లో చిన్న వేషాలు వేసేవారు. ఆయన చలాకీతనాన్ని గమనించిన నటుడు బల్‌రాజ్ సహానీ, దర్శకుడు గురుదత్ వద్దకు పంపారు. అక్కడ తాగుబోతులా నటించి చూపి, 1951లో విడుదలైన 'బాజీ'లో అవకాశం పొందారు. కొత్త పేరు గురుదత్ పెట్టినదే.

కథను నడిపిన నవ్వు

ఆనాటి హిందీ చిత్రాల్లో హాస్యనటుడికి స్థిరమైన స్థానం ఉండేది. నాయకుడి మిత్రుడిగా కనిపించేవాడు. అతనికొక ప్రేమకథ, ఒక పాట ఉండేవి. జానీ వాకర్ పాటలకు మహమ్మద్ రఫీ గొంతు అతికినట్లు సరిపోయింది. అయితే ఆయన మేటి పాత్రలు నవ్వుతోనే ఆగిపోలేదు. 'సి.ఐ.డి.' (1956)లో ఆయన పోషించిన జేబుదొంగకు హత్య కథతో నేరుగా సంబంధం ఉంది. 'ప్యాసా' (1957)లో తలకు నూనె మర్దన చేసే సత్తార్, కష్టకాలంలో కవి విజయ్‌ను ఆదుకునే స్నేహితుడు. ఆ పాత్రను తీసివేస్తే కథ ముందుకు సాగదు. 'మధుమతి' (1958)కి ఉత్తమ సహాయ నటుడిగా, 'శికార్' (1968)కు ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు అందుకున్నారు.

తగ్గిన చోటు

1964లో గురుదత్ మరణించారు. 1960లలో మెహమూద్ తరహా హాస్యానికి ఆదరణ పెరిగింది. 1970ల నాటికి కథానాయకులే నవ్వించే బాధ్యతనూ తీసుకోవడంతో, హాస్యనటుడి కోసం విడిగా రాసే సన్నివేశాలు తగ్గిపోయాయి. 'ఆనంద్' (1971)లో నాటకాలాడించే ఈసాభాయ్‌గా ఆయన కనిపించింది కొద్దిసేపే. కానీ అపరిచితుడి పరాచికానికి తడుముకోకుండా బదులిచ్చిన ఆ మనిషే చివరకు కన్నీరు పెట్టడం ప్రేక్షకులను కదిలించింది.

తర్వాతి కాలంలో ఆయన సినిమాలకు చాలావరకు దూరమయ్యారు. దాదాపు మూడు వందల చిత్రాల్లో తన సంభాషణ ఒక్కటీ సెన్సారు కత్తెరకు గురికాలేదని గర్వంగా చెప్పుకునేవారు. హాస్యం పేరిట అసభ్యత ఆయనకు సమ్మతం కాదు.

కమల్ హాసన్ 'చాచీ 420' (1997) కోసం ఆయన మళ్లీ కెమెరా ముందుకు వచ్చారు. తమిళ 'అవ్వై షణ్ముగి'కి ఇది హిందీ రూపం. అదే తమిళ చిత్రం 'భామనే సత్యభామనే'గా తెలుగువారికీ పరిచితం. మాతృకలో నాగేశ్ ధరించిన మేకప్ కళాకారుడు జోసెఫ్ పాత్రను హిందీలో జానీ వాకర్ పోషించారు. నాయకుడిని స్త్రీగా మార్చేది జోసెఫే కనుక, కథంతా అతని చేతి పనిపైనే నిలుస్తుంది. జానీ వాకర్ 2003 జూలై 29న ముంబయిలో కన్నుమూశారు.