ఇంట ఓనమాలు

జూన్ నెలలో బడులు తెరచునప్పుడే, పసిబిడ్డకు ఇంటనే చదువు చెప్పనెంచిన తల్లిదండ్రులును పలక కొందురు. మొదటి దినముననే అకారము దిద్దింతురు.

తెలుగు 'అ' వ్రాయుటకు వ్రేలు ఎన్ని మలుపులు తిరుగవలెనో పెద్దలమైన మనము మరచితిమి. వర్ణమాల క్రమము నోటిలో ధ్వని పుట్టు స్థానములను బట్టి ఏర్పడినది. పసివ్రేళ్ల శక్తిని బట్టి కాదు. పలుకుటకు ఆ వరుసయే మేలు. వ్రాతకు మాత్రము సున్న, ర, గ, ద, ప అను ఐదింటితో మొదటి వారము గడుపవచ్చును. వీనితోనే గద, గంప, రంపం అను మాటలు వచ్చును. గంపను బిడ్డ చేతికే ఈయవచ్చును.

పలకకు ముందు ఇసుకయో బియ్యమో పళ్లెములో పోసి వ్రేలితో వ్రాయించుట మంచిది. అక్షరాభ్యాసమున మనము చేయునదే ఇది. కాని ఒక్క పూటతో విడిచిపెట్టుదుము. 1907లో రోములో శిశువిద్యాలయము తెరచిన మరియా మాంటిసోరి గరుకుకాగితపు అక్షరములను బిడ్డలచే తడిమించినదియు వ్రేలికి ఆకృతి తెలియుటకే. దినమునకు అరగంట చాలును.

మా పెద్దవానికి నేను అకారముతోనే మొదలిడితిని. వారము తిరుగకుండ వాడు పలకను బియ్యపు డబ్బా వెనుక దాచినాడు. చిన్నదానికి రకారముతో మొదలిడగా, పలక చాలక వంటయింటి గోడపై గూడ వ్రాసినది. ఆ గోడకు ఇంకను సున్నము వేయింపలేదు.